పియానోకు సర్ది పట్టిన ఎండాకాలం

పియానోలు బాగుచేస్తానని చెబితే మా మాదన్నపేటలో సగం మంది "అంటే ఏంది?" అనేవారు. మిగతా సగం "మా ఇంట్ల హార్మోనియం ఉన్నది, జర చూస్తవా అన్నా?" అనేవారు. ఈ రెండు ప్రశ్నల మధ్య నా వృత్తి జీవితం హాయిగా గడిచిపోయింది. ఇప్పుడు పని మానేశాను. చేతులు బాగానే ఉన్నాయి, చెవులే నాకంటే ముందు రిటైరయ్యాయి. పియానో కుడి చివర సన్నగా కూసే తీగలు ఉంటాయి చూడండి, అవి నాతో మాట్లాడటం మానేశాయి. శృతి చేసేవాడికి అవి వినపడకపోతే ఇంట్లో కూర్చుని కూరగాయలు తరుక్కోవాలి. ప్రస్తుతం అదే చేస్తున్నాను. బెండకాయలకు శృతి అక్కర్లేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి సలహాలు అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ చెప్పిందే చెప్పేకంటే ఒకసారి రాసి పడేస్తే వాళ్లకూ నాకూ సుఖమని కూర్చున్నాను. నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. ఎనిమిదో తరగతి గది ఎట్లా ఉంటుందో ఇప్పటికీ తెలియదు. కాబట్టి ఎక్కడైనా వాక్యం బేసూర్ అయితే, అంటే శృతి తప్పితే, మీరే కొంచెం బిగించి చదువుకోండి.

బీరువాలో ఇరుక్కున్న హార్మోనియం

బడి వదిలాక మా నాయన నన్ను గఫూర్ ఉస్తాద్ దుకాణంలో పెట్టాడు. హార్మోనియంలు చేసే దుకాణం. పియానో పని వచ్చినప్పుడు ఉస్తాద్ పాత రుమాలులో తీగలు బిగించే పానా చుట్టుకుని బయల్దేరేవాడు, సంచీ మోయడానికి నేను. మొదటిసారి పియానోను చూసినప్పుడు బీరువాలో హార్మోనియం ఇరుక్కుపోయిందనుకున్నాను. ముందు చెక్క విప్పితే లోపల బారులు తీరిన తీగలు, వాటి ఎదుట ఉన్ని తొడిగిన సుత్తులు. వేలితో మెట్టు నొక్కితే సుత్తి పోయి తీగను కొట్టి వెనక్కి వస్తుంది. అంతే, దాంట్లో మాయ ఏమీ లేదు. మాయంతా అది ఉన్న ఇంట్లో ఉంటుంది.

ఈ సంగతి నాకు ఒక డాక్టరుగారింట్లో తెలిసింది. పియానో వాయిస్తే తేనెటీగ తిరుగుతున్నట్టు ఒక జుమ్మనే రొద. నేను చెక్కలన్నీ విప్పి తీగల మధ్య తల దూర్చి వెతుకుతున్నాను. ఉస్తాద్ సోఫాలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"దొరికిందా మియా?" అన్నాడు.

"లే ఉస్తాద్. లోపల్నే ఉన్నది ఏడనో."

"అయితే నువ్వు లోపల్నే ఉండు," అని కప్పు కింద పెట్టి లేచాడు. డాక్టరుగారిని ఒక మెట్టు నొక్కుతూ ఉండమని, గది చుట్టూ నెమ్మదిగా తిరిగి, అద్దాల అల్మారీ ముందు ఆగి, లోపలున్న ఒక ఇత్తడి షీల్డు మీద వేలు పెట్టాడు. తేనెటీగ చచ్చింది. డాక్టరుగారికి కాలేజీలో పరుగుపందెంలో వచ్చిన షీల్డట. ఆయన దాన్ని గుండెకు హత్తుకుని పడగ్గదిలోకి తీసుకుపోయాడు.

తిరిగి వస్తూ ఉస్తాద్ అన్నాడు: "పహలే ఘర్ కూ సున్, ఫిర్ బాజే కూ." ముందు ఇంటిని విను, తర్వాత వాయిద్యాన్ని విను. మొత్తం ఉద్యోగంలో నాకు దొరికిన పాఠ్యపుస్తకం ఇదే. ఒక్క లైను, అదీ పరీక్ష లేకుండా.

అట్లాగని ఉస్తాద్‌ను దేవుణ్ణి చేయకండి. చెదలకు కిరోసిన్ పూసేవాడు. ఆ తర్వాత చాలారోజులు ఆ ఇంట్లో వాళ్లు అగ్గిపుల్ల గీయాలంటే వాకిట్లోకి పోయేవారు. ఎవరినీ మెచ్చుకునేవాడు కాదు. నేను మొదటిసారి ఒక్కణ్ణే పియానో శృతి చేస్తే మొత్తం విని "హూఁ, చల్తా" అన్నాడు. ఫర్వాలేదని అర్థం. ఆ "చల్తా"ను నేను ఒక నెలపాటు మీసం మీద పెట్టుకుని తిరిగాను.

ఇళ్లకు వచ్చే జబ్బులు

పియానోకు సొంత జబ్బులు తక్కువ. దానికి వచ్చేవన్నీ ఇంట్లోవాళ్లు పెట్టేవే. స్నానాల గది గోడకు ఆనించి పెడతారు. గోడ చెమ్మ తాగుతుంది, పియానో గోడను తాగుతుంది. పైన పూలకుండీ పెడతారు. పిల్లి దాన్ని తోస్తుంది. పిల్లి పేరు చెప్పి వాళ్లు నన్ను పిలుస్తారు. నెలల తరబడి వాయించకుండా మూసి పెడితే ఎలుకలు దిగుతాయి. ఎలుకకు పియానో అంటే పరుపులు కూడా వేసి ఉన్న అద్దె ఇల్లు. ఒకచోట కింద చెక్క తీస్తే సుత్తుల ఉన్ని పీకి అల్లిన గూడు, అందులో తల్లి, పిల్లలు. నన్ను చూసి ఇంటి ఓనర్‌ను చూసినట్టు చూశాయి.

చాంద్రాయణగుట్టలో ఒక పెద్దమనిషి పియానో మెట్లు కిర్రుమంటున్నాయని తలుపు బందులకు పోసినట్టు కొబ్బరినూనె పోశాడు. కిర్రు పోయింది. చీమలు వచ్చాయి. చీమలకు మందు చల్లాడు. పిల్లలకు దద్దుర్లు వచ్చాయి. అప్పుడు నన్ను పిలిచాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. పియానో మీద ప్రేమ లేనివాడు నూనె పోయడు, దుమ్ము పోస్తాడు. మీరు గుర్తు పెట్టుకోవలసిందల్లా ఇది: మనకు పని తెచ్చిపెట్టేది అశ్రద్ధ కంటే ఎక్కువగా శ్రద్ధే.

ఇప్పటి పిల్లల చేతిలో ఫోను ఉంటుంది. తీగ మీటితే ఎంత దిగిందో, ఎంత ఎక్కిందో ముల్లు తిప్పి చూపిస్తుంది. దాన్ని నేను తిట్టను. నా చెవులు పోయాక నేను కూడా కొన్నాళ్లు దాని భుజం మీద చెయ్యి వేసుకునే నడిచాను. తీగ ఎంత దిగిందో అది చెబుతుంది. ఎందుకు దిగిందో మాత్రం చెప్పదు. అది తెలియాలంటే ఆ ఇంట్లో చాయ్ తాగాలి.

పసుపు సేటు ఇంట్లో

హుస్సేనీ ఆలంలో ఒక పసుపు, మిర్చి టోకు వ్యాపారి ఉన్నాడు. నర్సింహులు సేటు. ఆయన కొడుకు సరుకు కోసం నిజామాబాద్ వైపు తిరుగుతూ ఉంటాడు. కోడలు మాధవి చిన్నప్పుడు కాన్వెంటులో పియానో నేర్చుకుంది. పెళ్లయ్యాక ఆమె కోసం భర్త ఒక పాత నిలువు పియానో కొన్నాడు. దాన్ని ముందు గదిలో పెట్టారు. సాయంత్రం పూట గల్లీ పిల్లలు కొందరు వచ్చి నేర్చుకునేవారు. మామూలుగా మాధవి మాటలు లెక్కపెట్టి మాట్లాడే మనిషి. పియానో ముందు కూర్చుంటే మాత్రం పిల్లలతో సమానంగా నవ్వేది.

అత్త కమలమ్మకు పియానో పేరు డబ్బా. నేను సంచీతో గుమ్మంలో కనిపిస్తే చాలు, "వచ్చినవా? మీ డబ్బా మళ్ల అలిగింది. పొద్దుగూకితే దాని లొల్లి, తెల్లారితే నీ లొల్లి," అనేది. ఆ తిట్లు తినడానికే కొన్నిసార్లు వాళ్లింటికి ముందు వెళ్లేవాణ్ణి.

ఒక ఎండాకాలం ఆ పియానో నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. నేను పొద్దున్నే వెళ్లి శృతి చేసి వస్తాను. అంతా బాగుంటుంది. కొన్ని రోజులకే మాధవి ఫోన్ చేస్తుంది, సాయంత్రం క్లాసులో బేసూర్ పలుకుతోందని. మళ్లీ పొద్దున్నే వెళ్తాను. కొంచెం వదులైనట్టు ఉంటుంది, బిగించి వస్తాను. మళ్లీ ఫోన్. కొన్ని మెట్లు నొక్కితే లేవకుండా పడుకునే ఉంటున్నాయట. ఒక పిల్ల తల్లి "పియానో బాగైనంక పంపిస్తం" అని మానిపించింది కూడా.

మూడోసారి వెళ్లేసరికి సేటు దుకాణానికి పోకుండా నా కోసం కూర్చుని ఉన్నాడు.

"ఏమయ్యా ఈశ్వర్, నువ్వు శృతి చేస్తున్నవా, మాతోని ఆడుకుంటున్నవా?"

"ఆడుకునేటోన్నైతే నీడపట్టున ఆడుకుంటుంటి సేటూ, ఇంత ఎండల ఎందుకొస్త?"

"నవ్వులాట కాదు. గిదే ఆఖరుసారి. మళ్ల తప్పిందంటే ఫంక్షన్ హాలాయన అడుగుతున్నడు, ఆయనకిచ్చేస్త. ఆ జాగల నాలుగు మిర్చి బోరాలన్న పడ్తయి."

మాధవి పియానో పక్కనే నిలబడి ఉంది. చెయ్యి దాని మూత మీద ఉంది. "పిల్లలు అలవాటైన్రు మామయ్యా," అంది.

"అలవాటే గద బిడ్డా నేననేది. తప్పు శృతి గూడ అలవాటైతది."

సేటు చెడ్డవాడు కాదు. సరుకు బాగుంటే నెత్తిన పెట్టుకుంటాడు, బాగా లేకపోతే వాకిట్లో ఉంచడు. జీవితమంతా అట్లాగే బతికాడు.

ఆ రోజు కింద చెక్క విప్పినప్పుడు లోపలి నుంచి ఒట్టివేళ్ల వాసన గుప్పుమని వచ్చింది. పురుగు పట్టకుండా ఎవరో వేళ్లు పెట్టారేమోనని వెతికాను. ఏమీ లేవు. శృతి చేసి వచ్చేశాను. ఇల్లు నాకు ముక్కులో చెబుతోంది, నేనేమో చెవితో వెతుకుతున్నాను.

విసనకర్ర

కొన్ని రోజుల తర్వాత చాంద్రాయణగుట్టలో పని ఉందని మధ్యాహ్నం వెళ్తే ఆ ఇంటివాళ్లు తాళం వేసి పెళ్లికి పోయారు. బస్సులో తిరిగి వస్తుంటే నాలుక పిడచకట్టుకుపోయింది. సేటు ఇంట్లో చల్లటి నీళ్లు తాగుదామని దిగాను. తలుపు తీసే ఉంది. తెర పక్కకు తీసి లోపలికి తొంగి చూశాను.

గది మధ్యలో పెద్ద కూలర్. దాని మూతి పియానో వైపు పెట్టి ఉంది. ఒట్టివేళ్ల తడకలు నానిన గాలి భోరుమని పియానో మీదికి కొడుతోంది. పక్కన చాప మీద కమలమ్మ కూర్చుని, చెమటలు కారిపోతుంటే, విసనకర్రతో విసురుకుంటోంది.

నన్ను చూసి విసనకర్ర ఆపింది.

"అమ్మా, కూలర్ అటు తిరిగున్నది," అన్నాను.

"నాకెర్క."

"మీకు గాలి తగుల్తలేదు."

"నాకెందుకయ్యా గాలి? నా కడుపుల ఏమన్న తీగెలున్నయా?"

అప్పుడు విషయం బయటికి వచ్చింది. ఎండకు పియానో శృతి తప్పుతుందని ఎండాకాలం మొదట్లో మాధవి మాటవరసకు అంది. అప్పటి నుంచి ప్రతి మధ్యాహ్నం, మాధవి తన కూతుర్ని ఒంటిపూట బడి నుంచి తేవడానికి వెళ్లగానే, ఈమె తన గదిలోని కూలర్‌ను ముందు గదికి ఈడ్చుకొస్తోంది. మాధవి వచ్చే వేళకు మళ్లీ వెనక్కి తోస్తోంది.

"కుండ నీళ్లు పోస్తున్న," అంది. "మొన్న ఐసుగడ్డ గూడ ఏసిన. పిల్లలొచ్చే యాళ్లకు చల్లగుంటే మంచిగ పలుకుతది గద."

"మరి డబ్బా అని తిడ్తరు?"

"డబ్బా కాకుంటే ఏంది? డబ్బనే." విసనకర్ర మళ్లీ ఊపడం మొదలుపెట్టింది. "గని అది బేసూర్ అయినప్పుడల్లా ఆ పోరి బువ్వ తింటలేదు. తిన్న అంటది. తినది. నాకు కండ్లు లేవా?"

నేను వెళ్లి కూలర్ ఆపాను. ఎట్లా చెప్పాలో తోచక, ఆ ఇంటి సరుకుతోనే మొదలుపెట్టాను.

"అమ్మా, మీ గోదాంల పసుపు బోరాల ముందట గిట్ల కూలర్ పెడ్తరా?"

"పిచ్చి లేసిందా? తేమ పట్టి ముక్కిపోతది."

"ఇది గూడ కట్టె, ఉన్ని, ఇనుము. తడిగాలికి కట్టె ఉబ్బుతది, తీగెలు బిగుస్తయి, మెట్లు ఇరుక్కుంటయి. రాత్రికి ఆరితే అన్ని వదులైతయి. నేను పొద్దుగాల వచ్చి వదులున్నదానికి శృతి చేసిపోతున్న. పిల్లలేమో ఉబ్బినప్పుడు వాయిస్తున్రు."

కమలమ్మ పియానోను చూసింది, కూలర్‌ను చూసింది. విసనకర్ర ఒళ్లో పెట్టుకుంది.

"అంటే చేసింది నేనే," అంది. గొంతు తగ్గించి, "సేటుకు చెప్తవా? ఇన్నేండ్లు పసుపు ఇంట్ల ఉండి తేమ సంగతి ఎరుకలేదా అంటడు. కోడలి ముంగట అంటడు."

"సర్ది ఎట్ల తగ్గుతదో డాక్టర్ చెప్తడు గని, ఎవరు అంటించిన్రో చెప్తడా?"

ఆమె నవ్వలేదు. నా హాస్యానికి ఆ ఇంట్లో గిరాకీ ఎప్పుడూ తక్కువే. "మరి ఎండకు ఏం చెయ్యాలె దానికి?" అంది.

"ఏం చెయ్యొద్దు."

"ఏం చెయ్యకుంట ఎట్లుంటరయ్యా ఇంట్ల?"

పిల్లలూ, ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ ఇంత కష్టమైన ప్రశ్న అడగలేదు. పియానోకు చల్లదనమూ అక్కర్లేదు, వెచ్చదనమూ అక్కర్లేదు. నిన్న ఉన్నట్టు ఇవాళ ఉంటే చాలు. కాని ప్రేమ ఉన్న మనిషిని ఊరికే కూర్చోమంటే కూర్చోదు. ఏదో ఒకటి పోస్తుంది, పూస్తుంది, ఊదుతుంది. అందుకని అట్లాంటి మనిషికి ఒక పని ఇవ్వాలి. మందు చీటీ రాసినట్టు నేనూ చెప్పాను: ఎండ వేళకు కిటికీ మూయాలి. వాన వేళకు కిటికీ మూయాలి. తడిబట్ట, తడిగొడుగు, తడిచెయ్యి ఏదీ గదిలోకి రాకూడదు. వాయించనప్పుడు మూత వేసి ఉండాలి. పొడిగుడ్డతో తుడవాలి.

"ఈ అర్రకు ఇగ మీరే దర్వాన్, కావలి మీదే," అన్నాను.

"జీతమెంత?" అంది కమలమ్మ. అప్పుడు నా ప్రాణం కుదుటపడింది.

సేటుకు చెప్పింది

ఆ రోజు నేను పానా బయటికి తీయలేదు. ఉబ్బిన చెక్కకు శృతి చేస్తే అది ఆరాక మళ్లీ తప్పుతుంది. పియానోను దాని మానాన ఆరనిచ్చి, తర్వాత ఒకరోజు పిల్లలు వచ్చే వేళకే వెళ్లి శృతి చేశాను. ఏ పియానో అయినా వాయించే వేళకు వెళ్లి వినండి. మనకు వీలైన వేళకు వెళ్తే అది మనకు వీలైన అబద్ధమే చెబుతుంది.

పని అయ్యేసరికి సేటు దుకాణం నుంచి వచ్చాడు. మాధవి కూడా అక్కడే ఉంది.

"దొరికిందా రోగం?"

"దొరికింది సేటూ. తేమ."

పసుపు వ్యాపారికి ఆ ఒక్క మాట చాలు. మొహం మారిపోయింది. "నడి ఎండాకాలంల తేమ ఏడికెల్లి వచ్చింది?"

వంటింటి గుమ్మంలో కమలమ్మ నీళ్ల గ్లాసుతో నిలబడిపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు.

"తడిగాలి ఆడింది అర్రల. ఇగ ఆడది," అన్నాను. "దర్వాన్‌ను పెట్టిన."

"ఎవరిని?"

"నన్నే," అంది కమలమ్మ గుమ్మంలోంచే. "ఏం, పనికి రానా?"

సేటు భార్యను చూశాడు. నన్ను చూశాడు. ఆయనకు ఎంత అర్థమైందో నేను ఇప్పటికీ చెప్పలేను. "సరే. వానకాలమంత చూస్త," అన్నాడు. "దసరాకు శృతి నిలబడి ఉంటే ఉంటది. లేకుంటే హాలుకు పోతది."

మాధవి నన్ను గుమ్మం దాకా సాగనంపింది. "నిలబడ్తదా ఈశ్వరయ్యా?" అని మెల్లగా అడిగింది. నాకు వెంటనే ఒక జోకు తట్టింది కాని మింగేశాను. "దర్వాన్ మంచిది దొరికిందమ్మా," అని మాత్రం అన్నాను.

అసలు పరీక్ష వానాకాలమే. అప్పుడు ఎవరి కూలరూ అక్కర్లేదు, ఆకాశమే ఊదుతుంది. మధ్యలో మాధవి ఒకసారి ఫోన్ చేసింది. మళ్లీ బేసూర్ అయిందేమో అనుకున్నాను. కాదు. సేటు వానలో తడిసి వస్తే కమలమ్మ ముందు గదిలోంచి రానివ్వలేదట. "ఎనక దర్వాజకెల్లి రా, తడున్నవ్" అందట. పిల్లలు తలలు తుడుచుకుని, చేతులు చూపించి లోపలికి పోవాలట. చెప్పి చెప్పి నవ్వింది. తర్వాత అంది:

"ముందటి అర్ర బండల మీద కూలర్ చక్రాల గీతలున్నయి ఈశ్వరయ్యా. ఎండాకాలమంత పగటిపూట అత్తమ్మ ఉడుకలనే పండుకున్నట్టున్నది. నేనేం అడగలే."

"అడగకుండ్రి," అన్నాను.

తక్కెడ పక్కన

దసరా రోజు పొద్దున్నే సేటు కబురు పంపాడు. వ్యాపారుల ఇళ్లలో ఆ రోజు తక్కెడకు, తూకపు రాళ్లకు పూజ చేస్తారు. దుకాణం నుంచి తెచ్చిన పాత ఇత్తడి తక్కెడ ముందు గదిలో పీట మీద తళతళలాడుతోంది. పసుపు కుంకుమల బొట్లు, బంతిపూలు. దాని పక్కనే ఇంకా బొట్టు పడని పియానో, పెళ్లిచూపుల్లో జవాబు కోసం కూర్చున్న అమ్మాయిలాగా.

మాధవి రెండు చేతుల వేళ్లూ పెనవేసుకుని నిలబడింది. నేను ఎడమ చివర నుంచి కుడి చివర దాకా ఒక్కో మెట్టూ నొక్కుకుంటూ పోయాను. వానలకు అక్కడక్కడ వెంట్రుకవాసి కదిలిన మాట నిజం. మా భాషలో దాన్ని తప్పడం అనరు, ఊపిరి తీసుకోవడం అంటారు. ఆ మాటే సేటుకు చెబుదామని తిరిగితే ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"నువ్వు చెప్పకు. నన్ను విననీ."

పసుపుకొమ్మును విరిచి, ఆ చప్పుడును బట్టి సరుకు చెప్పే మనిషి ఆయన. బాగా ఎండిన కొమ్ము ఠంగుమని విరుగుతుంది, తేమ ఉన్నది మెత్తగా తుస్సుమంటుంది. కళ్లు మూసుకుని, తల పక్కకు వంచి, "మళ్ల కొట్టు" అన్నాడు. కొట్టాను. "ఇంకోటి." కొట్టాను.

"ఎండిన కొమ్ము లెక్కనే ఉన్నది," అన్నాడు సేటు కళ్లు తెరిచి. "ఉండనీ."

అంతే. పోయి తక్కెడ ముందు కూర్చుని, పూజ పళ్లెం తెమ్మని కేక వేశాడు.

కమలమ్మ పళ్లెం తెచ్చింది. తక్కెడ దగ్గర ఆగకుండా నేరుగా పియానో దగ్గరికి వచ్చింది. మెట్ల జోలికి పోకుండా, పక్క చెక్క మీద వేలితో పసుపు అద్దింది. పొడి పసుపు నున్నటి చెక్క మీద నిలవక జలజలా రాలింది. మళ్లీ అద్దింది. మళ్లీ రాలింది.

"తడి చెయ్యవేందే?" అన్నాడు సేటు. "పొడిది నిలుస్తదా?"

"తడి ముట్టియ్య," అంది కమలమ్మ, ఆయన వైపు తిరగకుండానే. "రాలితే మళ్ల పెడ్త."

మాధవి స్టూలు లాక్కుని కూర్చుని వాయించడం మొదలుపెట్టింది. ఎడమ చేతి వైపు బరువైన స్వరం మోగినప్పుడల్లా చెక్క అదిరి కొంచెం పసుపు రాలుతోంది. కమలమ్మ పళ్లెం పట్టుకుని కోడలి పక్కనే నిలబడి, రాలినచోటల్లా మళ్లీ పెడుతోంది.